మిర్యాలగూడ షెడ్డు నుంచి రాష్ట్ర స్థాయి ఆటోమొబైల్ పోటీ దాకా: నా అనుభవం

మా ఊరు హాలియాకు దగ్గర. సాగర్ ఎడమ కాలువ కింద ఎకరంన్నర పొలం ఉంది. కాలువకు నీళ్లు సరిగ్గా వచ్చిన ఏడాది రెండు పంటలు పండుతాయి, రాని ఏడాది నాన్న ట్రాక్టర్ డ్రైవర్‌గా పోతాడు. పదో తరగతి అయ్యాక నన్ను ఇంటర్‌లో చేర్చాలని నాన్న, తన దగ్గర పనిలో పెట్టుకుంటానని మేనమామ పట్టుబట్టారు. ఆఖరికి ఇద్దరూ ఒప్పుకున్నది ఐటీఐ. మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్, రెండేళ్ల కోర్సు.

మామకు మిర్యాలగూడలో షెడ్డు ఉంది. రైస్ మిల్లుల ఊరు కాబట్టి ధాన్యం లారీలు, ట్రాలీ ఆటోలు, మిల్లు ఓనర్ల కార్లు వస్తూనే ఉంటాయి. వడ్లు వచ్చే కాలంలో అయితే రాత్రి పదింటికి కూడా షెడ్డులో లైటు ఆరదు. నేను హైస్కూల్‌లో ఉన్నప్పటి నుంచే సెలవులొస్తే అక్కడే ఉండేవాడిని. మొదట్లో పానాలు అందించడం, నట్లు డీజిల్‌లో కడగడం. ఐటీఐలో చేరేనాటికి క్లచ్ ప్లేటు నా అంతట నేను దించి ఎక్కించగలిగేవాడిని. ఇంజన్ చప్పుడు విని ట్యాపెట్ల మోతో, బేరింగ్ మోతో చెప్పగలిగేవాడిని.

పోటీకి పేరిచ్చినప్పుడు నా ధైర్యమంతా అదే. ఆ ధైర్యం ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ పనికిరాలేదో మా వైపు ఐటీఐ పిల్లలకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

రెండో ఏడాదిలో ఉన్నప్పుడు మా ఇన్‌స్ట్రక్టర్ సారు ఇండియా స్కిల్స్ గురించి చెప్పారు. కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖ తరఫున జరిగే పోటీ అది. రాష్ట్రాల్లో గెలిచినవాళ్లు జాతీయ పోటీకి వెళ్తారు, అక్కడ నెగ్గినవాళ్లు వరల్డ్ స్కిల్స్‌కు దేశం తరఫున వెళ్తారు. వరల్డ్ స్కిల్స్ 1950లో స్పెయిన్‌లో మొదలైంది. రెండేళ్లకోసారి జరుగుతుంది. మా అప్పటిది 2024 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో జరిగే పోటీ. చాలా విభాగాల్లో 22 ఏళ్లు దాటకూడదని నియమం. ఆ పోటీకి 2002 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు అర్హులు. నేను 2004లో పుట్టాను. అందులో ఆటోమొబైల్ టెక్నాలజీ ఒక విభాగం. మన దగ్గర డెంటింగ్, పెయింటింగ్ అనే పనులకు అక్కడ వేరే విభాగాలు ఉన్నాయి. మెకానిక్ పనికి ప్రపంచ స్థాయిలో పోటీ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మామకు చెబితే నమ్మలేదు. "పరుగు పందెం లెక్కనా అల్లుడా? ఎవరు జల్ది బాగు చేస్తే వాళ్లు గెలుస్తరా?" అని అడిగాడు. నేనూ అంతే అనుకున్నాను.

ఆన్‌లైన్‌లో పేరు నమోదు, ఆ తర్వాత బిట్ల పరీక్ష. దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ట్రేడ్ థియరీ పుస్తకం రెండుసార్లు సరిగ్గా చదివితే సరిపోతుంది. అసలు కథ ప్రాక్టికల్ తయారీతో మొదలైంది.

మా ఐటీఐ వర్క్‌షాప్‌లో ఒక పాత పెట్రోల్ కారు ఉండేది. ఒకరోజు సారు దాంట్లో ఒక లోపం పెట్టి నన్ను పిలిచారు. బండి స్టార్ట్ కావట్లేదు, గంట టైమ్, చూడు అన్నారు. నేను తాళం చెవి తిప్పాను. ఇగ్నిషన్ ఆన్ చేయగానే వెనక ట్యాంకులో పెట్రోల్ పంపు ఒకటి రెండు సెకన్లు గుయ్‌మనాలి. చప్పుడు రాలేదు. బానెట్ ఎత్తి రిలే బాక్స్ తెరిచాను. పంపుకు కరెంటు కలిపే రిలే కాలు ఒకటి వంచి పెట్టి ఉంది. సరిచేసి పెట్టగానే బండి స్టార్ట్ అయింది. ఆరు నిమిషాలు పట్టింది. సారు మెచ్చుకుంటారని నిలబడ్డాను.

ఆయన ఇరవైకి మూడు మార్కులు వేశారు.

నాకు కోపం వచ్చింది. బండి నడుస్తోంది కదా సార్ అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని నన్ను కూడా కూర్చోమన్నారు. "నువ్వు కనిపెట్టినవు, కాదనను. కానీ ఎట్ల కనిపెట్టినవో కాగితం మీద ఏం లేదు. ఫెండర్ మీద కవర్ వేయలేదు. బ్యాటరీ వోల్టేజీ చూడలేదు. రిలే పీకేటప్పుడు ఇగ్నిషన్ ఆన్‌లనే ఉంది. కాలు సరిచేసినంక పంపుకు కరెంటు ఎంత పోతున్నదో కొలిచినవా? రేపు ఇదే కారు ఇంకో మెకానిక్ దగ్గరికి పోతే, ఆయన మళ్ల మొదటి నుంచి మొదలు పెట్టాలె" అన్నారు.

తర్వాత మార్కుల పద్ధతి వివరించారు. వరల్డ్ స్కిల్స్ పద్ధతిలో మార్కులు రెండు రకాలు. ఒకటి కొలతకు వేసేది: విలువ సరిగ్గా ఉందా లేదా, పని అయిందా కాలేదా. మామూలుగా మధ్యలో ఏమీ ఉండదు. రెండోది పనితీరును చూసి నిర్ణాయకులు వేసేది. దానికి సున్నా నుంచి మూడు దాకా అంచెలు. పరిశ్రమలో ఉండాల్సిన స్థాయి కంటే తక్కువైతే సున్నా, ఆ స్థాయిలో ఉంటే ఒకటి, కొంత మించితే రెండు, ఎంతో బాగుంటే మూడు. బండి స్టార్ట్ కావడం అనేది ఆ మొత్తంలో చిన్న భాగం మాత్రమే.

ఆ రాత్రి హాస్టల్‌లో నాకు నిద్ర పట్టలేదు. మా మామ ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనిని ఎవరో తక్కువ చేసినట్టు అనిపించింది. ఆ బాధ పోవడానికి ఒక ట్రాలీ ఆటో కారణమైంది.

పెద్దవూర వైపు నుంచి ఒకాయన బత్తాయిలు హైదరాబాద్ మార్కెట్‌కు వేసుకుపోయే బండి అది. ఇంజన్‌ను స్టార్ట్ చేసే సెల్ఫ్ బరువుగా తిరుగుతోందని షెడ్డుకు తెచ్చాడు. బ్యాటరీ కొని నాలుగు నెలలే అయింది. నేనూ మామా చూసి సెల్ఫ్ మోటారే పోయిందనుకున్నాం. "సెల్ఫే మామా" అని ముందు అన్నది నేనే. రిపేర్ చేసిన ఇంకో సెల్ఫ్ వేసి 3,800 రూపాయలు తీసుకున్నాం. వారం రోజులు బాగానే నడిచి, మళ్లీ అదే తంతు. తెల్లవారుజామున లోడుతో ఉన్న బండిని నలుగురితో తోయించుకుని పోతున్నానని ఆయన ఫోన్ చేశాడు.

సరిగ్గా ఆ వారమే ఐటీఐలో సారు వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ నేర్పారు. ఒక తీగ గానీ, కరెంటు తిరిగి బ్యాటరీకి పోయే ఎర్తు పట్టీ గానీ బాగుందో లేదో కంటితో చూసి చెప్పలేం. దాని గుండా కరెంటు పారుతున్నప్పుడు రెండు చివర్ల మధ్య ఎంత వోల్టేజీ పోతోందో కొలవాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఎర్తు వైపు 0.2, 0.3 వోల్టులు మించి పోకూడదు. అంతకంటే ఎక్కువ పోతుంటే మధ్యలో ఎక్కడో తుప్పో, వదులో ఉన్నట్టు. ఇది విన్నప్పుడు నాకు వెంటనే ఆ బత్తాయిల బండే గుర్తొచ్చింది.

ఆదివారం ఒక చిన్న మల్టీమీటర్ కొనుక్కుని మిర్యాలగూడ వెళ్లాను. బండిని మళ్లీ రప్పించాం. మామ సెల్ఫ్ కొట్టాడు, నేను మీటర్ పెట్టాను. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య 11.2 వోల్టులు, అంటే బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పోకపోతే చాలు. తర్వాత ఒక వైరు బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకోటి ఇంజన్ బ్లాకుకు పెట్టాను. 1.9 వోల్టులు చూపించింది. ఇంజన్‌కు, ఛాసిస్‌కు మధ్య ఉండే ఎర్తు పట్టీ బోల్టు విప్పితే కింద ఆకుపచ్చ బూజు, తుప్పు. మొన్న సెల్ఫ్ మార్చేటప్పుడు ఆ తీగలు కదిపి బిగించాం కాబట్టి వారం పాటు నడిచిందన్నమాట. ఎమెరీ పేపర్‌తో రుద్ది, కొత్త వాషర్ వేసి బిగించి మళ్లీ కొలిచాను. 0.1. సెల్ఫ్ ఒక్క దెబ్బకు తిరిగింది.

మామ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మూలన పడేసిన పాత సెల్ఫ్ తీసి తుడిచాడు, దాన్ని డైరెక్టుగా బ్యాటరీకి పెట్టి చూశాడు. చక్కగా తిరిగింది. గల్లా పెట్టె తెరిచి 3,800 ఆ డ్రైవర్ చేతిలో పెట్టి, "తప్పు మాది అన్నా" అన్నాడు. ఆయన వద్దన్నా వినలేదు. రెండు బస్తాల బత్తాయి లోడు ఎత్తితే మిగిలేది ఎంతో మామకు తెలుసు, ఆయనా ఒకప్పుడు లారీ మీద క్లీనర్‌గా పోయినవాడే. సాయంత్రం నేను బస్సెక్కేటప్పుడు, "ఆ మీటర్ ఎంతకు కొన్నవు అల్లుడా? నాకొకటి తే" అన్నాడు.

ఆ రోజు తర్వాత సారు వేసే మార్కుల మీద నాకు కోపం రాలేదు. కాగితం మీద రాసే ప్రతి అంకె వెనక ఎవరిదో ఒకరి డబ్బు ఉందని తెలిసింది.

తయారీలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది మైక్రోమీటర్, అంటే మందాన్ని చాలా సూక్ష్మంగా కొలిచే పరికరం. షెడ్డులో అలవాటైన చేతికి బిగించడమే తెలుసు. మైక్రోమీటర్‌కు ఆ చెయ్యి పనికిరాదు. దాని కదిలే కడ్డీ, అంటే స్పిండిల్, ఒక్క చుట్టు తిరిగితే అర మిల్లీమీటరు జరుగుతుంది. థింబుల్ అనే తిప్పే గొట్టం మీద 50 గీతలు ఉంటాయి కాబట్టి ఒక్కో గీత మిల్లీమీటరులో వందో వంతు. క్రాంక్ షాఫ్ట్ జర్నల్ (బేరింగ్‌లో తిరిగే గుండ్రటి భాగం) అరుగుదల చూడాలంటే ఆ వందో వంతులే లెక్క. నేను కొలిస్తే ప్రతిసారీ రెండు మూడు గీతలు తక్కువ వచ్చేది. థింబుల్‌నే పట్టుకుని బిగించేస్తున్నానని నాలుగో రోజుకు గానీ అర్థం కాలేదు. చివర ఉండే రాచెట్‌ను మెల్లగా తిప్పి, అది మూడుసార్లు టిక్కుమన్నాక ఆపాలి. కొలిచే ముందు సున్నా సరిగ్గా కలుస్తోందో లేదో చూడాలి. జర్నల్ మీద నూనె తుడవాలి. ఒకే చోట అడ్డంగా, నిలువుగా కొలిస్తే ఆ రెండింటి తేడా గుండ్రం ఎంత పోయిందో చెబుతుంది. ఈ చివర, ఆ చివర కొలిస్తే ఏటవాలు ఎంత వచ్చిందో తెలుస్తుంది. మా బ్యాచ్ మొత్తానికి బాగున్న మైక్రోమీటర్లు రెండే. అందుకని పొద్దున క్లాసుకు గంట ముందు పోయి సాధన చేసేవాడిని. నూటికి తొంభైసార్లు ఒకే విలువ వచ్చేదాకా నెలన్నర పట్టింది.

మామ పద్ధతి వేరు. సిలిండర్ పైభాగంలో గోరు పెట్టి కిందికి జార్చి, గట్టు తగిలితే బోరు చేయించాలంటాడు. లేత్ మిషన్ దగ్గర కొలిపిస్తే ఆయన చెప్పింది చాలాసార్లు నిజమే అయ్యేది. రింగులు పైకి వచ్చి ఆగే చోటు కింద గోడ అరిగి, పైన అరగని అంచు మిగిలిపోతుంది. గోరుకు తగిలేది ఆ అంచే. పోటీకి తయారైన పిల్లలు కొందరు పాత మేస్త్రీల పనిని చులకనగా మాట్లాడటం విన్నాను. అది సరికాదు. పోటీలో కూడా ఎక్కడ వెతకాలో నాకు చెప్పింది షెడ్డులో నేర్చిన చెవే. దొరికినదాన్ని రుజువు చేసేది మీటర్. రెండూ కావాలి.

ఇంకో కష్టం ఇంగ్లీషు. నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం. సర్వీస్ మాన్యువల్, వైరింగ్ డయాగ్రామ్, జవాబు రాసే కాగితం అన్నీ ఇంగ్లీషులోనే. మాన్యువల్ మొత్తం చదివి అర్థం చేసుకోవాలనుకుని మొదటి వారం బెంబేలెత్తిపోయాను. తర్వాత సారు ఒక ఉపాయం చెప్పారు. మాన్యువల్‌లో పదే పదే వచ్చే మాటలు కొన్నే. విప్పు, బిగించు, పరిశీలించు, మార్చు, అనుమతించిన హద్దు, ప్రామాణిక విలువ, అరుగుదల, ఊగులాట. ఒక నోట్‌బుక్‌లో రోజుకు ఐదు మాటలు, పక్కన తెలుగులో అర్థం, కింద ఆ మాట ఏ పనిలో వస్తుందో చిన్న బొమ్మ. రెండు నెలల్లో పుస్తకం నిండింది. వైరు రంగుల పొట్టి అక్షరాలు, గ్రౌండ్ గుర్తులు కూడా అందులోనే. ఆ నోట్‌బుక్ ఇప్పుడు మా జూనియర్ల దగ్గర చేతులు మారుతోంది. తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లీషు చూసి వెనక్కి తగ్గితే నాకు చాలా బాధ అనిపిస్తుంది. అక్కడ వ్యాసాలు రాయమనరు, విలువ, యూనిట్, ఏం చేయాలన్న నిర్ణయం, ఇంతే.

స్కానర్ పని నల్లగొండలో ఒక సర్వీస్ సెంటర్ వాళ్లు నేర్చుకోనిచ్చారు. సారు మాట్లాడితే శనివారాలు రమ్మన్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చాక బండ్లలో సెన్సార్లు ఇంకా పెరిగాయి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ పెడితే ఈసీయూ, అంటే బండిలోని కంప్యూటర్, తన దగ్గర ఉన్న లోపం కోడ్ చెబుతుంది. మొదట్లో నేను కోడ్ చూడగానే ఆ పేరున్న సెన్సార్ మార్చాలనేవాడిని. అక్కడి సీనియర్ టెక్నీషియన్ ఒకాయన నన్ను ఆపి, కోడ్ అంటే ఏ వీధిలో దొంగ ఉన్నాడో చెప్పడమే, ఏ ఇంట్లో ఉన్నాడో మనమే వెతకాలి అన్నారు. ఈ మాట పోటీలో నన్ను కాపాడింది.

పోటీ హైదరాబాద్‌లో. నల్లగొండ నుంచి బస్సులో బయల్దేరి ఎల్బీ నగర్‌లో దిగి, ఆ రాత్రి చిన్నమ్మ వాళ్లింట్లో ఉన్నాను. అమ్మ సద్ద రొట్టెలు కట్టిచ్చింది. టెన్షన్‌కు ఒక్కటి కూడా తినలేకపోయాను. మరునాడు ముందుగా పోటీ స్థలం, పనిముట్లు చూపించారు. చెప్పినంత బలంతోనే బిగించే టార్క్ రెంచ్ ఏది ఎటు తిరుగుతుంది, మీటర్‌లో ఏ బటన్ ఎక్కడుంది అన్నవి ఆ సమయంలోనే చూసుకోవాలి. చాలామంది ఫోటోలు దిగుతూ ఆ సమయం పోగొట్టుకున్నారు.

పక్క బెంచీలో జడ్చర్ల వైపు నుంచి వచ్చిన అబ్బాయి. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, హాలియా మీదుగా మిర్యాలగూడ వచ్చే 167 నంబర్ జాతీయ రహదారి మా ఇద్దరి ఊళ్లనూ కలుపుతుంది. ఆ మాట మీదే పరిచయమయ్యాం. వాళ్ల నాన్న ట్రాక్టర్లు, హార్వెస్టర్లు బాగు చేస్తాడట. అతను కూడా షెడ్డులో పెరిగినవాడే. మధ్యాహ్నం నా సద్ద రొట్టెలు ఇద్దరం పంచుకుని తిన్నాం.

మొదటిది ఎలక్ట్రికల్. ఎడమ హెడ్‌లైట్ మసకగా వెలుగుతోంది. బల్బు దగ్గర 10.2 వోల్టులే. బ్యాటరీ వోల్టేజీ రాసుకుని, లైటు వెలుగుతుండగానే ఎర్తు వైపు కొలిచాను. అక్కడే రెండు వోల్టులు పోతున్నాయి. బత్తాయిల బండి మళ్లీ నా ముందుకు వచ్చినట్టు అనిపించింది. సరిచేసి, తిరిగి కొలిచి, ముందు విలువ, తర్వాత విలువ రెండూ రాశాను. టైమ్ ఇంకా మిగిలింది.

రెండోది ఇంజన్ మేనేజ్‌మెంట్. స్కానర్ పెడితే కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ సర్క్యూట్‌కు సంబంధించిన పీ 0118 కోడ్. డేటాలో చూస్తే కూలెంట్ మైనస్ 40 డిగ్రీలు. హైదరాబాద్‌లో మైనస్ 40 ఎక్కడిది? సర్క్యూట్ ఎక్కడో తెగితే ఈసీయూకు అలా కనిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ సెన్సార్ రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. తెగిపోతే రెసిస్టెన్స్ అనంతం, కాబట్టి ఈసీయూ అతి చలి అనుకుంటుంది. ఇక్కడ ఆ సీనియర్ చెప్పిన మాట గుర్తొచ్చింది. తెగింది సెన్సారా, వైరా? కనెక్టర్ పీకి చూస్తే ఈసీయూ పంపే 5 వోల్టులు అక్కడిదాకా వస్తున్నాయి. రెండు పిన్నులను చిన్న వైరుతో కలిపితే స్కానర్‌లో అంకె ఒక్కసారిగా పైకి, నూరు డిగ్రీలు దాటి పోయింది. అంటే వైర్లు బాగున్నాయి. సెన్సార్‌ను విడిగా కొలిస్తే మీటర్ ఏమీ చూపించలేదు. కొత్తది రెండు కిలో ఓమ్‌ల పైన చూపించింది. మార్చి, కోడ్ చెరిపి, ఇంజన్ వేడెక్కేదాకా చూసి రాశాను. ఆ గంటలో నేను చేసిన పని నాకు ఇప్పటికీ తృప్తినిస్తుంది.

రెండో రోజు బ్రేకులు. డిస్కు మందం మైక్రోమీటర్‌తో చుట్టూ కొలవాలి, కనీస మందం ఎంతుండాలో డిస్కు మీదే ముద్రించి ఉంటుంది. తర్వాత డయల్ గేజ్ పెట్టి తిప్పుతూ ఊగులాట చూడాలి. డిస్కును నట్లతో హబ్‌కు బిగించి కొలవకపోతే విలువ తప్పు వస్తుంది. పక్కబ్బాయి ఆ నట్లను టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా బిగించిన తీరు నిర్ణాయకుడు వంగి చూడటం నాకు కనిపించింది. నేను చేత్తో బిగించి వదిలేశాను.

ఆఖరిది ఇంజన్ మెకానికల్. అందులో సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్, ఆ తర్వాత వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు. ప్లగ్గులన్నీ తీశాను. ఇగ్నిషన్, ఇంజెక్టర్ కనెక్టర్లు పీకాను. గేజ్ పెట్టి ఒక్కో సిలిండర్‌కు సెల్ఫ్ కొట్టాను. నాలుగింటిలోనూ ఏడు బార్ల దగ్గరే ఆగింది. మాన్యువల్‌లో ఉన్న కనీస విలువ కంటే బాగా తక్కువ. రింగులు అరిగాయి అని రాయడానికి పెన్ను పట్టాను. కానీ చెయ్యి కదలలేదు. అంతకు ముందే ఆ ఇంజన్ నడుస్తుండగా విన్నాను. శుభ్రంగా, మెత్తగా తిరుగుతోంది. నాలుగు సిలిండర్లూ ఒక్కలా పోయిన ఇంజన్ అలా మోగదు. మరి తప్పు ఎక్కడ?

నిలబడి ఆలోచించాను. అప్పుడు తట్టింది. థ్రాటిల్ తెరవలేదు. గాలి లోపలికి పోయే దారే మూసి ఉంటే సిలిండర్‌లో ఒత్తిడి ఎలా వస్తుంది? షెడ్డులో ఈ టెస్ట్ ఎప్పుడూ ఇద్దరం చేసేవాళ్లం. మామ సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టేవాడు, నేను గేజ్ పట్టుకునేవాడిని. తొక్కడం నా పని కాదు కాబట్టి అది టెస్టులో భాగమని నా బుర్రకు ఎక్కలేదు. పోటీలో నేను ఒక్కడినే. థ్రాటిల్ తెరిచి ఉంచి మళ్లీ మొదటి నుంచి కొలిచాను. నాలుగూ పన్నెండు బార్ల దగ్గర వచ్చాయి. ఇంజన్ బాగుంది అని రాశాను. ఈ గొడవలో తొమ్మిది నిమిషాలు పోయాయి. ఎనిమిది వాల్వుల్లో ఐదింటి క్లియరెన్స్ కొలిచేసరికి టైమ్ అయిపోయింది. ఫీలర్ గేజ్ కింద పెట్టి రెండు అడుగులు వెనక్కి నిలబడమన్నారు.

నాకు మూడో స్థానం వచ్చింది. మొదటి స్థానం జడ్చర్ల అబ్బాయిది. పై పోటీకి వెళ్లే అవకాశం అతనికే. పేరు పిలిచినప్పుడు నేను గట్టిగా చప్పట్లు కొట్టాను, కానీ బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేసినప్పుడు గొంతు పూడుకుపోయింది. "మూడో నంబరంటే మన జిల్లాల ఎంతమందికొచ్చింది బిడ్డా?" అని అడిగింది. నాకొక్కడికే అమ్మా అన్నాను. "మరి ఏడుస్తవేంది? ఇంటికి రా" అంది.

నిర్ణాయకుల్లో ఒకాయన సాయంత్రం నాతో కాసేపు మాట్లాడారు. మొదట తక్కువ వచ్చిన విలువలను నేను కాగితం మీద కొట్టేసి, పక్కన "థ్రాటిల్ మూసి ఉంది, మళ్లీ కొలిచాను" అని వచ్చీరాని ఇంగ్లీషులో రాశాను. ఆయన అది చూశారట. చాలామంది అలాంటిది దాచేస్తారు, నువ్వు రాశావు, వర్క్‌షాప్‌లో నీలాంటివాడి రిపోర్టు నమ్మొచ్చు అన్నారు. మార్కులు పెరగవు కానీ, ఆ మాట పట్టుకునే నేను అక్కడి నుంచి మనసు తేలికై బయల్దేరాను.

ఇప్పుడు ఒక సర్వీస్ సెంటర్‌లో అప్రెంటిస్‌గా చేస్తున్నాను. ఆ పోటీ సర్టిఫికెట్ చూపిస్తే ఇంటర్వ్యూలో థియరీ అడగలేదు, నేరుగా మీటర్ చేతికిచ్చి ఒక బండి చూపించారు. ఆదివారాలు మిర్యాలగూడ షెడ్డుకు పోతాను. మామ ఇప్పుడు సెల్ఫ్ గానీ డైనమో గానీ దించే ముందు మీటర్ పెడుతున్నాడు, ఇంజన్ నడుస్తుంటే 14 వోల్టుల దగ్గర ఉందా లేదా చూసి ఆ అంకె బిల్లు వెనక రాసిస్తున్నాడు. జడ్చర్ల అబ్బాయి, నేను ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉంటాం. ఢిల్లీలో జాతీయ పోటీకి పోయి వచ్చాక అతను చాలా సంగతులు చెప్పాడు, అవి అతనే రాస్తే బాగుంటుంది.

రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. ఎలక్ట్రిక్ వాహనాల కోర్సు కూడా వాటిలో ఉంది. మాకు రెండు మైక్రోమీటర్లతో గడిచింది, ఇప్పుడు చేరే పిల్లలకు అంత కరువు ఉండకూడదని నా కోరిక. కానీ మిషన్లు ఎన్ని వచ్చినా పొద్దున గంట ముందు వచ్చి తాళం తీయించి, సాధన చేయించే సారు ఒకరుండాలి. మాకు ఆయన ఉండబట్టే పోటీ దాకా వెళ్లగలిగాం.

తర్వాతి వరల్డ్ స్కిల్స్ 2026 సెప్టెంబర్‌లో షాంఘైలో. ఆ పైన వచ్చే పోటీల కోసం మా ఐటీఐ జూనియర్లు ఆరుగురు తయారవుతున్నారు. వాళ్లలో దేవరకొండ నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉంది, మైక్రోమీటర్ మొదటి వారంలోనే పట్టేసింది. శనివారం మధ్యాహ్నాలు నాకు సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి చూపిస్తున్నాను. ఈ వారం కంప్రెషన్ టెస్ట్. ఒక్కో విద్యార్థి ఒక్కడే చేయాలి, సీట్లో ఎవరూ కూర్చోకూడదని ముందే చెప్పాను. థ్రాటిల్ సంగతి మాత్రం చెప్పలేదు. గేజ్ ఏడు దగ్గర ఆగినప్పుడు వాళ్లు ఏం రాస్తారో పక్కన నిలబడి చూస్తాను.